బూటు మీగాలి దగ్గర పట్టాలి: టెక్సస్‌లో కౌబాయ్ బూట్లు కొన్న నా అనుభవం

డల్లాస్‌కి ఉత్తరాన, డెంటన్ కౌంటీలో 377 రోడ్డు పట్టుకుని ఆబ్రీ, పైలట్ పాయింట్ వైపు వెళ్తే రెండు పక్కలా కంచెలు, కంచెల వెనక గుర్రాలు. అక్కడి నేల ఇసుక కలిసిన గరప, గిట్టలకి మెత్తగా ఉంటుంది. గుర్రాలు పెంచేవాళ్ళు ఆ చుట్టుపక్కల చేరడానికి అదీ ఒక కారణం. ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనాల్లో ఉండే మన తెలుగువాళ్ళకి అదేమంత దూరం కాదు. మా అమ్మాయిని స్వారీ పాఠాలకి దింపడానికి వెళ్ళి, కారులో కూర్చుని ఫోన్ చూసుకునే బదులు చేతికందిన పని చేస్తూ ఉండేదాన్ని. కొన్నాళ్ళకి ఆ కొట్టం యజమానురాలే జీతానికి వస్తావా అని అడిగింది. పొద్దున్నే మేత వేయడం, లద్దె ఎత్తడం, గుర్రాల్ని బయట వదిలి మళ్ళీ కట్టెయ్యడం పని. జీతంతో పాటు నాకూ స్వారీ నేర్పుతానంది.

ఒక్కటే షరతు పెట్టింది: సరైన బూట్లు ఉండాలి. స్నీకర్స్‌తో జీను ఎక్కనివ్వనని కచ్చితంగా చెప్పింది. సరైనవంటే ఏమిటని అడిగితే నన్ను ఒక ఖాళీ జీను దగ్గరికి తీసుకెళ్ళి, స్నీకర్ వేసుకున్న నా కాలిని రికాబులో, అంటే జీను పక్కన వేలాడే కాలిపట్టులో పెట్టించింది. కొంచెం ముందుకి తోసేసరికి పాదం మొత్తం అవతలికి దూరిపోయింది. "ఇప్పుడు నువ్వు కింద పడ్డావనుకో, గుర్రం పరిగెడుతుంది, నీ కాలు ఇక్కడే ఉంటుంది" అంది. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

కౌబాయ్ బూటు ఆకారానికి చాలావరకు కారణం ఆ ప్రమాదమే. ఎత్తు మడమ, పాదం రికాబులోంచి దూరిపోకుండా అడ్డుపడుతుంది. అడుగు నున్నగా ఉండేది, పడేటప్పుడు కాలు జారి బయటికి రావడానికి. పిక్కల దాకా వచ్చే గొట్టం వదులుగా, లేసులు లేకుండా ఉండేది కూడా అందుకే. కాలు ఇరుక్కుపోయినా బూటు రికాబులో ఉండిపోయి మనిషి విడిపడే వీలుంటుంది. లోతైన గాట్లున్న అడుగుతో వచ్చే వర్క్ బూట్లు బురదలో బాగా పట్టు ఇస్తాయి. ఆ గాట్లే రికాబు అంచుకి తగులుకుంటాయి. లద్దె ఎత్తడానికి ఒకలాంటి బూటు, గుర్రం ఎక్కడానికి ఒకలాంటి బూటు బాగుంటాయన్న చిక్కు నాకు అక్కడే అర్థమైంది. నాకు రెండు పనులూ ఉన్నాయి.

షాపులో అడుగుపెడితే గోడ నిండా బూట్లే. ఎర్రవి, నీలం పూలు కుట్టినవి, నిప్పుకోడి తోలువి, మొసలి తోలువి. అందంగా ఉన్నాయి, అబద్ధం చెప్పను. ఎర్ర దారంతో గులాబీలు కుట్టిన జత దగ్గర చాలాసేపు నిలబడ్డాను. గొట్టం మీది ఆ కుట్లు ఒట్టి సోకు కాదట. వరసలు వరసలుగా కుడితే పల్చటి తోలు బిగిసి, మడత పడకుండా నిటారుగా నిలబడుతుందట. అది చెప్పింది అక్కడ పనిచేసే ఒక పెద్దాయన. చేసే పని చెప్పగానే నన్ను ఆ గోడ దగ్గర్నుంచి వెనక వరసకి తీసుకెళ్ళాడు. అక్కడన్నీ మట్టిరంగువే.

ముందు కూర్చోబెట్టి పాదం కొలిచాడు. చెప్పుల షాపుల్లో చూసే ఇనప కొలతపీటే, సిరక్యూస్ ఊరి చార్లెస్ బ్రానక్ 1920ల్లో తయారుచేసింది. అది మడమ నుంచి బొటనవేలి కొస దాకా ఒక కొలత, మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉండే ఎముక గుబ్బ దాకా ఇంకో కొలత, వెడల్పు వేరే కొలత ఇస్తుంది. ఇన్నాళ్ళూ షూ కొనేటప్పుడు మొదటిది తప్ప మిగతా రెండూ ఎవరూ నాకు చూసి చెప్పలేదు. నాకు ఆ గుబ్బ కొలత, వేళ్ళ కొలత కంటే అర సైజు ఎక్కువ వచ్చింది. అంటే నా వేళ్ళు పొట్టి, పాదం పొడుగు. వేలి కొసని చూసి సైజు తీసుకుంటే బూటు వంగే చోటు ఒకటి, పాదం వంగే చోటు ఇంకొకటి అవుతుంది. అలాంటి బూటుతో రోజంతా నడిస్తే అరికాలు మండిపోతుందన్నాడు.

వెడల్పు సంగతి మనవాళ్ళకి ముఖ్యం. ఇక్కడ ఆడవాళ్ళ బూట్లలో మామూలు వెడల్పు బి, మగవాళ్ళ బూట్లలో డి. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఉత్తకాళ్ళతో, బయట చెప్పులతో తిరిగిన పాదం నాది. వేళ్ళ దగ్గర విచ్చుకుని ఉంటుంది, మడమ మాత్రం సన్నం. బి వేసుకుంటే చిటికెన వేలు నలిగింది. ఒక సైజు పెంచుకోమని పక్కనున్న కుర్రాడు సలహా ఇస్తే పెద్దాయన వద్దన్నాడు. పొడుగు పెంచితే వెడల్పూ కొంచెం వస్తుంది గానీ మడమ ఈదులాడుతుంది. అదే సైజులో సి తెచ్చాడు. సి వెడల్పు అన్ని డిజైన్లలో దొరకదు. గులాబీల జత అక్కడితో నా లెక్కలోంచి పోయింది.

అసలు విషయం మీగాలి దగ్గర ఉంది. లేసులుండే షూ వదులైతే బిగించి కట్టుకోవచ్చు. కౌబాయ్ బూటుకి బిగించడానికి ఏమీ లేదు. కాలిని పట్టి ఉంచేది మీగాలి మీద పరుచుకునే తోలు ఒక్కటే. అక్కడ వదులైతే నడిచిన ప్రతి అడుగుకీ పాదం ముందుకి జారి వేళ్ళు గుద్దుకుంటాయి, మడమ పైకి లేచి ఒరుసుకుంటుంది. అక్కడ మరీ బిగిస్తే పాదం తిమ్మిరెక్కుతుంది. పై పట్టీలు పట్టుకుని లాగుతూ కాలు దించితే, మీగాలి దగ్గర ఒక క్షణం ఆగి, టప్‌మని లోపలికి దిగాలి. ఆ చప్పుడు రాకుండా కాలు సులువుగా దిగిపోయిన బూట్లన్నీ పెద్దాయన అప్పటికప్పుడే పెట్టెలో సర్దేశాడు. నేనింకా నిలబడి చూడకుండానే! ఆ తర్వాత నాకు తెలిసినవాళ్ళు బూటు కరిచిందని చెప్పినప్పుడల్లా మడమ గురించి కాకుండా మీగాలి గురించే అడుగుతున్నాను. ఎక్కువమందికి గొడవ అక్కడే ఉంటోంది.

మడమ విషయంలో నాకు కొత్తగా తోచింది ఇంకొకటి. టప్‌మని దిగిన బూటులో కూడా నడుస్తుంటే మడమ కొంచెం లేస్తోంది. సైజు తప్పేమో అని టెన్షన్ పడ్డాను. కొత్త బూటులో పావు అంగుళం నుంచి అర అంగుళం దాకా మడమ లేవడం మామూలేనట. అడుగు తోలు ఇంకా బిర్రుగా ఉంటుంది, పాదంతో పాటు వంగదు, అందుకని మడమే పైకి వస్తుంది. వాడేకొద్దీ అడుగు వంగడం మొదలై ఆ కదలిక తగ్గిపోతుంది. నా బూట్లలోనూ అలాగే తగ్గింది. మొదటి రోజే మడమ అసలు కదలకూడదని పట్టుబడితే చిన్న సైజు కొనేసి అవస్థ పడతాం.

మొన గురించి జనం చాలా మాట్లాడతారు. సూదిమొన, గుండ్రటి మొన, చదరపు మొన అంటూ. పాదం గుబ్బ సరైన చోట కూర్చుంటే సూదిమొన కూడా వేళ్ళని నలపదు, ఎందుకంటే ఆ సన్నబడే భాగం వేళ్ళు అయిపోయాకే మొదలవుతుంది. వేసుకుని చూసి ఆశ్చర్యపోయాను. అయినా గుండ్రటిదే తీసుకున్నాను. చదరపు మొన బూట్లకి అడుగు చాలా వెడల్పుగా వస్తోంది, రికాబులో రెండు పక్కలా ఓ అరంగుళం ఖాళీ ఉండాలని కొట్టంలో చెప్పారు. అవి వేసుకుంటే నాకు ఇచ్చే పాత జీను రికాబుల్లో ఆ ఖాళీ ఉండదు.

మడమ ఎత్తు దగ్గర ఎక్కువ ఆలోచించాను. స్వారీకి వాడే మడమ అంగుళంన్నర ఉంటుంది, కిందికి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటుంది. గుర్రం మీద అది హాయి. ఆ మడమతో సిమెంటు నడవలో పార పట్టుకుని పొద్దంతా నిలబడితే మోకాళ్ళు చెబుతాయి. రోపర్ అనే రకానికి మడమ అంగుళం చిల్లర, గొట్టం కూడా పొట్టి. దూడలకి తాడు వేసి, గుర్రం మీంచి దూకి పరిగెత్తేవాళ్ళ కోసం వచ్చిన రకం అది. నేను చేసే పనిలో ఎక్కువ భాగం నేల మీదే కనుక రోపర్ వైపే మొగ్గాను. అంగుళం మడమ రికాబుకి సరిపోతుందా అని యజమానురాలికి ఫోటో పంపి అడిగితే, పదునైన అంచు ఉంటే చాలంది.

ఇనుప మొన ఉన్నవి కూడా చూశాను. గుర్రం కాలు తొక్కితే రక్షణ కదా అనిపించింది. కాలి మీద బరువులు పడే ఫ్యాక్టరీ పనికైతే ఏఎస్‌టీఎమ్ ఎఫ్2413 అనే రక్షణ బూట్ల ప్రమాణం ముద్ర ఉన్నది కొనాల్సిందే. గుర్రాల దగ్గర పనిచేసేవాళ్ళని అడిగితే ఇద్దరిది ఒకే మాట లేదు. నాకు మాత్రం ఆ లావు మొన రికాబులో ఎబ్బెట్టుగా అనిపించింది, బరువు కూడా. వద్దనుకున్నాను.

ఇక తోలు. ఇంట్లో గొడవ వచ్చింది అక్కడే. వీడియో కాల్‌లో మా అత్తయ్య, "ఏమ్మా, అది ఆవు తోలా?" అని అడిగింది. అవునత్తయ్యా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "దేవుడి గదిలోకి మాత్రం వేసుకెళ్ళకు" అంది. అసలు ఏ చెప్పులూ వేసుకుని ఎవరూ వెళ్ళని గది అది! అదే కొట్టంలో పిల్లకి స్వారీ నేర్పిస్తున్న మా ఊరి ఇంకో తెలుగావిడ ఈ విషయంలో పట్టింపుగా ఉండి మేకతోలు జత వెతికి కొనుక్కుంది. మేకతోలు పల్చగా ఉన్నా గట్టిది, త్వరగా కాలికి ఒదుగుతుంది. పట్టింపు ఉన్నవాళ్ళు పైతోలు ఒక్కటే చూసి ఊరుకోకండి, లోపలి అస్తరు పంది తోలో ఆవు తోలో అయి ఉండొచ్చు, లేబుల్ చదవండి. ప్లాస్టిక్ తోలు బూట్లు కూడా ఉన్నాయి. టెక్సస్ ఎండలో వాటిలో కాలు ఉడికిపోతుంది, మడత దగ్గర పగిలిపోతాయి. రోజువారీ పనికి నేను ఎవరికీ చెప్పను.

నేను తీసుకున్నది రఫౌట్, అంటే తోలు లోపలి గరుకు వైపు బయటికి ఉండేలా కుట్టినది. నున్నటి తోలు మీద తీగ గీసుకుంటే గీత పడుతుంది. దీని మీద పడినా కనపడదు, బ్రష్‌తో దులిపితే చాలు.

గట్టితనం చూడటానికి పెద్దాయన నేర్పినవి నాకు ఇప్పటికీ పనికొస్తున్నాయి. బూటుని రెండు చేతులతో పట్టుకుని వంచి చూడాలి. వేళ్ళ గుబ్బ ఉండే చోట వంగాలి. నడిమధ్యలో వంగిపోతే లోపల ఉక్కు పట్టీ లేదని అర్థం. రికాబులో నిలబడినప్పుడు మన బరువంతా ఆ మధ్యభాగం మీదే పడుతుంది, పట్టీ లేకపోతే అరికాలు నొప్పెడుతుంది. తర్వాత అడుగు అంచు చుట్టూ కుట్టు. పైతోలుకీ అడుగుకీ మధ్య ఒక తోలు పట్టీ వేసి, రెండింటినీ దానికి కుట్టే పద్ధతి మంచిది. అడుగు అరిగిపోతే ఊడదీసి కొత్తది వేయించుకోవచ్చు. చవక రకాల్లో అడుగు జిగురుతో అంటించి, పైన కుట్టులా కనిపించేలా అలంకారం చేస్తారు. ఆ దారం కిందికి దిగిందా లేదా అని తిప్పి చూడాలి. నా దాంట్లో అడుగు తోలు కాదు, పల్చటి రబ్బరు, గాట్లు దాదాపు లేవు. తడి సిమెంటు మీద తోలు అడుగు జారుతుంది, రబ్బరు అంతగా జారదు, గాట్లు లేవు కనుక రికాబుకీ తగులుకోదు. ఆ రెండు పనుల చిక్కుకి నాకు దొరికిన రాజీ ఇది.

పన్నుతో కలిపి 200 డాలర్లు దాటింది. లద్దె ఎత్తడానికి ఇంత ఖరీదా అని మా ఆయన నవ్వాడు. మారథాన్ షూలకి ఆయన పెట్టేదెంతో గుర్తుచేశాక నవ్వు తగ్గింది.

అలవాటు చేసుకోవడానికి వాటిని ముందు ఇంట్లోనే వేసుకుని తిరిగాను, సాయంత్రాలు, వంట చేస్తూ. కార్పెట్ మీద తిరిగితే అడుగు మాయదు, నచ్చకపోతే వెనక్కి ఇవ్వొచ్చు. కొలత కూడా సాయంత్రమే తీయించుకోవాలి, పొద్దుటికంటే పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. బూట్లని నీళ్ళలో నానబెట్టి, ఆరేదాకా వేసుకుంటే కాలికి అచ్చుగుద్దినట్టు కుదురుతాయని కొట్టంలో ఒకతను చెప్పాడు. 200 డాలర్ల తోలు మీద ఆ ప్రయోగం చేయబుద్ధి కాలేదు. మా తాతయ్య కొత్త కిర్రు చెప్పులకి ఆముదం రాసి ఎండలో పెట్టేవాడు, అదేమైనా పనికొస్తుందా అని బూట్లు బాగుచేసే ముసలాయన్ని అడిగాను. చెప్పుకి సరే, గొట్టం నిలబడాల్సిన బూటుకి అంత నూనె పడితే తోలు సాగి ఆకారం పోతుందన్నాడు. రఫౌట్‌కైతే అసలు జిడ్డే వద్దు, గరుకంతా అణిగిపోతుందని చెప్పాడు. ఓపిగ్గా వేసుకోవడం ఒక్కటే దారి. మోకాలి కింద దాకా వచ్చే మేజోళ్ళు ముఖ్యం, పొట్టి మేజోళ్ళయితే గొట్టం పిక్కని ఒరుస్తుంది. నేను మెరీనో ఉన్నివి వాడతాను, ఎండాకాలంలో కూడా. చెమట పీలుస్తాయి.

ఆ ముసలాయన దుకాణంలో కూర్చుంటే టైమ్ తెలీదు. ఇక్కడికి వాయవ్యంగా ఉన్న నొకోనా ఊరి సంగతులు చెబుతాడు. హెచ్.జె. జస్టిన్ అనే బూట్ల పనివాడు 1879లో రెడ్ రివర్ ఒడ్డున స్పానిష్ ఫోర్ట్‌లో దుకాణం పెట్టాడు. టెక్సస్ పశువుల మందల్ని ఉత్తరాన కాన్సస్ రైళ్ళ దాకా తోలుకెళ్ళే కౌబాయ్‌లు ఆ దారినే నది దాటేవాళ్ళు. రైలు వచ్చాక 1889లో నొకోనాకి మారాడు. దూరాన ఉన్నవాళ్ళు తమ పాదం తామే కొలుచుకుని పోస్టులో పంపేలా టేపు, కాగితం ఇచ్చేవాళ్ళు. ఆర్డర్ మీద కుట్టేవాళ్ళు ఈనాటికీ గుబ్బ చుట్టూ, మీగాలి చుట్టూ, మడమ నుంచి మీగాలి దాకా చుట్టూ టేపు వేస్తారు. షాపు పీట మీద ఈ చుట్టుకొలతలు రావు. 1925లో కొడుకులు కంపెనీని ఫోర్ట్ వర్త్‌కి తరలిస్తే, కూతురు ఈనిడ్ ఊరు వదలనని అక్కడే ఉండి సొంతంగా నొకోనా బూట్ కంపెనీ పెట్టింది. ఎవరైనా ఆడవాళ్ళు దుకాణానికి వస్తే చాలు, ఆయన ఈనిడ్ కథ ఎత్తుకుంటాడు.

పనిలో బూట్లని తినేసేది నీళ్ళు కాదు, గుర్రపు ఉచ్చ. పొట్టు పరిచిన స్టాల్‌లో రాత్రంతా నిలిచిన ఉచ్చ నుంచి అమ్మోనియా వస్తుంది, కళ్ళు మండుతాయి. అది తోలునీ, మరీ ముఖ్యంగా అంచు కుట్టునీ పాడుచేస్తుంది. అందుకని బాగా తడిసిన స్టాళ్ళు ఎత్తే రోజున, గుర్రాలకి స్నానం చేయించే రోజున మోకాలి దాకా వచ్చే చవక రబ్బరు బూట్లు వేసుకుంటున్నాను. తోలు బూట్లకి ఇంటికి వచ్చే ముందే అంచుల్లో ఇరుక్కున్న లద్దె గీకేసి, తడిగుడ్డతో తుడుస్తాను. తడిస్తే లోపల న్యూస్‌పేపర్ కుక్కి గరాజ్‌లో నీడకి పెడతాను. హీటర్ దగ్గర పెట్టిన తోలు అప్పడంలా విరుగుతుంది. విప్పడానికి బూట్ జాక్ అనే చెక్క ఉంటుంది, మడమని అందులో ఇరికించి లాగడమే. ఒక బూటు మొనతో ఇంకో బూటు మడమని తొక్కి విప్పితే వెనక కుట్టు వదులవుతుంది. ఇక ఎర్రచీమలు. ఇక్కడి ఫైర్ యాంట్స్ పుట్ట మీద తెలియక కాలు పెడితే స్నీకర్లో క్షణంలో పాకేస్తాయి. పొడవాటి గొట్టం ఆ ఒక్కదానికైనా దండం పెట్టదగ్గది.

నాకు మొదట అరిగింది మడమ కొస, అదీ బయటి వైపు. దాన్ని ముదరనివ్వకుండా మడమ రబ్బరు మాత్రం మార్పిస్తే కొన్ని డాలర్లతో పోతుంది. అది పట్టించుకోకపోతే నడక వంకరపోయి, మడమ లోపలి భాగం కూడా అరుగుతుంది. అడుగు మొత్తం మార్పించడం కొత్త బూట్ల ధరలో సగం దాకా రావచ్చని ముసలాయన ముందే చెప్పాడు. పైతోలు బాగుంటే అప్పటికీ అదే లాభం, కాలికి ఒదిగిన బూటు మళ్ళీ దొరకదు కదా.

మా అమ్మాయికి మాత్రం ఇంత పెట్టలేదు. పిల్లల పాదాలు ఆగవు. స్వారీ సామాన్లు అమ్మే పాత వస్తువుల షాపులో, ఎవరో పిల్ల ఒక సీజన్ వాడి వదిలేసిన జతలు పాతిక, ముప్పై డాలర్లకి దొరుకుతాయి. వాటిలో మూడే చూస్తాను: మడమకి పదునైన అంచు ఉందా, అడుగు నున్నగా ఉందా, మీగాలి దగ్గర పట్టిందా. పెరుగుతుంది కదా అని రెండు సైజులు పెద్దవి కొనమంటుంది మా అత్తయ్య. స్కూలు షూలకైతే ఆవిడ మాట వింటాను, స్వారీ బూట్లకి వినను.